ఫుకట్ కంప్యూటర్ శిక్షణకు పంపే ముందు

మార్చి వచ్చిందంటే మన బడి గేటు దగ్గర కరపత్రాలు పంచేవాళ్లు కనపడతారు. పదోతరగతి పరీక్ష రాసి బయటికొచ్చే పిల్లల చేతిలో ఒక్కొక్కరికి మూడు, నాలుగు పెడతారు. 'ఉచిత కంప్యూటర్ శిక్షణ', 'జీవన నైపుణ్యాలు', 'నూరు శాతం ఉద్యోగం', 'ప్రభుత్వ ప్రమాణపత్రం' అని ఉంటుంది. సాయంత్రానికి అవే కాగితాలు తల్లుల చేతుల్లో నా బల్ల మీదికొస్తాయి. "సార్, ఇది ఫుకట్ల నేర్పుతరట. బిడ్డను పంపాల్నా వద్దా?"

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే తీరిక దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా జవాబు 'పంపండి' అనే. అయితే పంపేముందు చూడాల్సింది ఆ కేంద్రంలో ఎన్ని కంప్యూటర్లున్నాయి, ఏసీ ఉందా అన్నది కాదు. మీ బిడ్డకు సొంత ఫోన్ నంబరు ఉందా, తన పేరు మీద బ్యాంకు ఖాతా ఉందా, అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉందా, ఎదుటి మనిషిని ఒక ప్రశ్న అడగగలదా అన్నవి చూడాలి. వినడానికి ఇవి చిన్న సంగతులే. ఎందుకింత గట్టిగా చెప్తున్నానో వినండి.

2025 డిసెంబరులో కాగ్ నివేదిక ఒకటి పార్లమెంటు ముందుకు వచ్చింది. కాగ్ అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2022 వరకు మూడు దశల్లో ఎట్లా నడిచిందో అందులో పరిశీలించారు. శిక్షణ తీసుకున్నవాళ్ల వివరాలు కంప్యూటర్‌లో చూస్తే, 94.53 శాతం మంది విషయంలో బ్యాంకు ఖాతా రాయాల్సిన చోట సున్నాలో, 'లేదు' అన్న మాటో, ఖాళీనో కనపడ్డాయట. నూటికి తొంభై నలుగురు! పరీక్ష నెగ్గినవాళ్లకు కొంత మొత్తం నేరుగా ఖాతాలో వేయాల్సిన పథకం అది. ఒకే ఫోటో ఒకరికంటే ఎక్కువమంది పేర్ల కింద కనపడిన సందర్భాలనూ నివేదిక ఎత్తిచూపింది. స్వల్పకాలిక, ప్రత్యేక శిక్షణల్లో ప్రమాణపత్రం పొందినవాళ్లలో ఉద్యోగం దొరికినవాళ్లు 41 శాతం.

పత్రికలు దీన్ని కుంభకోణం అనే కోణంలో రాశాయి. రాయాల్సిందే. నేను మాస్తరును కాబట్టి నా కళ్లు మాత్రం ఆ ఖాళీ గడి మీదే ఆగాయి. ఖాతా నంబరు అడగని శిక్షణ కేంద్రానికి పిల్లవాడి ఫోన్ నంబరు మాత్రం ఎందుకు? నంబరు లేకపోతే మూడు నెలల తర్వాత 'బాబూ, పనిలో ఉన్నావా, మానేశావా' అని ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ గడి ఖాళీగా ఉందంటే ఆ పిల్లవాడు వాళ్లకు ఒక లెక్క మాత్రమే.

అన్ని కేంద్రాలూ ఇట్లాంటివే అనను. మంచి పద్ధతి ఎట్లుంటుందో తెలియక కాదు ఈ గతి పట్టింది. దాన్ని మన తెలుగువాళ్ల నడుమే చూశాం. 1999లో హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 'ల్యాబ్స్' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆపేసిన పేద యువతీ యువకులకు మూడు నెలల్లో కంప్యూటరు, ఇంగ్లీషు, నలుగురిలో మెలిగే తీరు, ఒక వృత్తి నేర్పేవారు. దాని గొప్పతనం కంప్యూటర్లలో లేదు. పాఠం మొదలుపెట్టకముందే ఆ ఊరి బజారు తిరిగి ఎక్కడ ఏ పనికి మనుషులు కావాలో చూసుకునేవారు, ఆ తర్వాతే ఏం నేర్పాలో నిర్ణయించేవారు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కల్పన కోసం ఒక మిషన్ పెట్టి ఊళ్లలోని పిల్లలకు ఇట్లాంటి శిక్షణే ఇచ్చింది. కరీంనగర్, వరంగల్ వైపు మీ చుట్టాల పిల్లలు కొందరు అందులో చదివే ఉంటారు, అడిగి చూడండి.

2014లో కేంద్రం తెచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కూడా ఆ దారిదే. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మంది మూడు నెలలు పనిలో నిలవాలన్న షరతు దాంట్లో ఉంది. ఇది గ్రామీణ కుటుంబాలకే వర్తిస్తుంది. షోలాపూర్ కార్పొరేషన్ హద్దులో ఉన్నవాళ్లకు రాదు. పంచాయతీ పరిధిలోని బీడీ కార్మికుల కాలనీల్లో ఇల్లు దొరికి అటు మారిన కుటుంబాలు మాత్రం తమ చిరునామా ఇప్పుడు ఏ పంచాయతీ కిందికి వస్తుందో ఒకసారి కనుక్కోవాలి.

మూడు నెలలు అన్న ఆ షరతు నాకు బాగా నచ్చింది. ఎందుకంటే మన పిల్లలు జారిపోయేది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే.

నాలుగైదేళ్ల కింద మన బడిలో చదివిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. తల్లి బీడీలు చేస్తుంది, తండ్రి టవల్ కార్ఖానాలో మగ్గం మీద పని. అమ్మాయి బారావీ అయ్యాక ఉచిత శిక్షణలో చేరింది. ఎక్సెల్ బాగా పట్టుబడింది, టైపింగ్ వేగం కూడా బాగుండేది. ఇంటర్వ్యూ కూడా చేశారు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ అన్నది కాబట్టి ఫారంలో అన్న నంబరే రాసింది. పుణె కంపెనీ నుంచి పిలుపు వచ్చినప్పుడు అన్న నైట్ పాళీ చేసి పడుకున్నాడు. రెండోసారి ఫోన్ మోగితే ఎత్తి, 'ఏదో కంపెనీ వాళ్లట' అనుకుని పెట్టేశాడు. వాడిని తప్పు పట్టలేం, రోజుకు పది మోసపు ఫోన్లు వస్తుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు? చేరాల్సిన తేదీ దాటిపోయిన వారం తర్వాత సంగతి తెలిసింది. ఆ అమ్మాయి ఇప్పుడు తల్లి పక్కన చాట ముందేసుకుని కూర్చుంటున్నది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రథమ్ సంస్థ 2023లో 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను కలిసి అసర్ నివేదిక తయారుచేసింది. నూటికి తొంభై ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, పిల్లలకు వాడటమూ వచ్చు. కానీ వాడటం తెలిసినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతమే. అది పల్లెల లెక్క. మన పేటల్లో ఇంతకంటే మెరుగ్గా ఉందని నాకేమీ అనిపించదు. బడిలో ఓటీపీ కావాల్సి వచ్చినప్పుడల్లా 'అన్నకు ఫోన్ చేయాలి సార్', 'పప్పా కార్ఖానాల ఉన్నడు సార్' అని ఆడపిల్లలే అంటారు. ఓటీపీ ఎవరి చేతిలో ఉంటే ఆ ఖాతా, ఆ మెయిల్, ఆ ఉద్యోగం వాళ్లవే. మీ అమ్మాయికి ఖరీదైన ఫోన్ కొనమని చెప్పడం లేదు. పాత బటన్ ఫోనైనా సరే, తన చేతిలోనే ఉండే సిమ్‌తో ఒకటి ఇవ్వండి.

ఇక పేరు. మన ఇళ్లల్లో ఇది పెద్ద తలనొప్పి, బయటివాళ్లకు అర్థం కూడా కాదు. ఇంటిపేరు తెలుగులో ఒకలా పలుకుతాం. దాఖలా మీద మరాఠీ గుమాస్తా తనకు వినపడినట్లు రాస్తాడు. ఆధార్‌లో దాన్ని ఇంగ్లీషులోకి మార్చేసరికి ఇంకో రూపం వస్తుంది. తండ్రి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. బ్యాంకులో సగమే ఎక్కుతుంది. శిక్షణ భత్యం వచ్చినా, స్కాలర్‌షిప్ వచ్చినా, ఆధార్ పేరూ ఖాతా పేరూ కలవక డబ్బు ఆగిపోతుంది. పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు ఉద్యోగంలో చేరేటప్పుడు దీన్ని సరిచేయబోతే వారాలు పడుతుంది, ఆ లోపల ఆ స్థానంలో ఇంకొకరు కూర్చుంటారు. తొమ్మిదో తరగతిలోనే సరిచేసుకోండని ఏటా తల్లిదండ్రుల సమావేశంలో చెప్తూనే ఉన్నాను. పదో తరగతి బోర్డు ఫారం నింపాక మార్పు మరీ కష్టం.

'జీవన నైపుణ్యాలు' అన్న మాట దగ్గరికి వద్దాం. చాలా శిక్షణల్లో దీనికి వారానికి ఒక గంట పెడతారు. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి 'పాజిటివ్‌గా ఆలోచించండి' అంటాడు, పిల్లలతో చప్పట్లు కొట్టిస్తాడు, గ్రూప్ ఫోటో దిగి వెళ్లిపోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది జీవన నైపుణ్యాల్లో నిర్ణయం తీసుకోవడం, సమస్య విడదీయడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, మనసులో మాట సరిగ్గా చెప్పడం, ఎదుటివాడి బాధ తెలుసుకోవడం, ఒత్తిడి తట్టుకోవడం వంటివి ఉన్నాయి. చప్పట్లు ఆ పట్టికలో లేవు.

మన పిల్లలకు ఇవి ఎట్లా అవసరపడతాయో ఒక ఉదాహరణ. పోయిన ఏడు ఒక పూర్వ విద్యార్థి కోపంగా నా దగ్గరికి వచ్చాడు. 'పన్నెండు వేల జీతమన్నరు సార్, చేతికి పది వేల రెండు వందల డెబ్బై వచ్చింది. మోసం. మానేసిన.' స్లిప్పు చూపించమన్నాను. పి.ఎఫ్. 12 శాతం అంటే 1,440. ఇ.ఎస్.ఐ. 0.75 శాతం అంటే 90. మహారాష్ట్ర వృత్తి పన్ను 200. మొత్తం 1,730 పోగా మిగిలింది సరిగ్గా అంతే. ఆ 1,440 వాడి డబ్బే. యజమాని కూడా తన వంతు వేస్తాడు. ఆ 90తో జబ్బు చేస్తే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వైద్యం వస్తుంది. నిజానికి అది మంచి ఉద్యోగం. మన కార్ఖానాల్లో ఎంతమందికి పి.ఎఫ్. కడుతున్నారో మీకు తెలియనిది కాదు. ఎక్సెల్‌లో కూడికలు నేర్చుకున్న పిల్లవాడు తన జీతం చీటీలోని తీసివేత చదవలేకపోయాడు. చదవలేకపోయినా పర్వాలేదు, 'ఈ కోత ఎందుకు?' అని ఆఫీసులో అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఎందుకురా అంటే, 'మరాఠీల ఎట్ల అడగాల్నో తెల్వలే సార్, నవ్వుతరని' అన్నాడు.

తెలుగు మీడియం పిల్లలు మరాఠీలో వెనకబడతారని కొందరు అంటారు. మా అనుభవం వేరు. మన పిల్లలు బజారులో, బస్సులో ధారాళంగా మరాఠీ మాట్లాడతారు. ఆఫీసులో, పెద్దవాళ్ల ముందు, 'మీరు' అని సంబోధిస్తూ ఒక సందేహం అడగాల్సి వచ్చినప్పుడు నోరు పెగలదు. అది భాష లోపం కాదు, అలవాటు లేకపోవడం. ఇంట్లోనూ బడిలోనూ 'నోర్మూసుకో' అని పెంచిన పిల్లవాడికి ఏ శిక్షణ కేంద్రమూ మూడు నెలల్లో నోరు తెరిపించలేదు. ఇందులో మా మాస్తర్ల తప్పూ ఉంది, ఒప్పుకుంటున్నాను.

అడగకపోవడం వల్ల కొన్నిసార్లు ఉద్యోగం ఒక్కటే పోతే బాగుండేది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, లక్షన్నర దాకా వసూలు చేసి, యువకులను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు చేర్చారు. అక్కడ పాస్‌పోర్టు గుంజుకుని, గదుల్లో పెట్టి, మన దేశంవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేసే పని చేయించారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో మయన్మార్‌లోని ఇట్లాంటి స్థావరాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. గమనించండి, ఆ ముఠాలు కంప్యూటర్ రాని పిల్లల్ని తీసుకుపోవు. టైపింగ్ వచ్చి, కాస్త ఇంగ్లీషు వచ్చి, ఇంట్లో అప్పు ఉండి, ప్రశ్న అడగని పిల్లలే వాళ్లకు కావాలి. మన పేటల్లో అట్లాంటి పిల్లలు ఇంటింటికీ ఉన్నారు.

విదేశంలో పనికి పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. పర్యాటక వీసా మీద ఉద్యోగం అంటే అక్కడే ఆపేయండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. పరువు పోతుందని దాచిపెట్టిన ఇళ్లు నాకు తెలుసు, దాచిన కొద్దీ డబ్బు దొరికే ఆశ తగ్గుతుంది.

మన రాష్ట్రంలోని ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజన గురించి కూడా అడుగుతున్నారు. 2024లో మొదలైంది. 18 నుంచి 35 ఏళ్ల వాళ్లకు. బారావీ చదివినవాళ్లకు నెలకు 6,000, ఐటీఐ లేదా డిప్లొమా అయితే 8,000, డిగ్రీ అయితే 10,000 చొప్పున ఆఫీసుల్లో, కంపెనీల్లో పని నేర్పుతూ ఇచ్చారు. మొదట ఆరు నెలలు అన్నారు, తర్వాత పదకొండు నెలలకు పెంచారు. గడువు అయిపోయాక 'మమ్మల్ని పనిలో ఉంచండి' అని శిక్షణార్థులు రాష్ట్రమంతా ఆందోళనలు చేశారు. నా అభిప్రాయం అడిగితే, ఇట్లాంటి అవకాశం దొరికితే వదులుకోవద్దు, అలాగని దాన్ని నౌకరీ అనుకోవద్దు. చేరిన మొదటిరోజు నుంచే ఏం నేర్చుకున్నాను, ఎవరు చూశారు, అనుభవ పత్రం ఎవరు సంతకం పెట్టి ఇస్తారు అని రాసిపెట్టుకోవాలి. పదకొండో నెలలో అడిగితే ఆ అధికారి బదిలీ అయిపోయి ఉంటాడు.

ఎం.ఎస్.-సి.ఐ.టి. గురించి ఒక్కమాట. అది ఉచితం కాదు, ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్నది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అడుగుతారు కాబట్టి వీలైనవాళ్లు చేయించండి. అది ఉంటే దరఖాస్తు తీసుకుంటారు, అంతే. దాన్ని గోడకు ఫ్రేము కట్టి ఊరుకుంటే రెండేళ్లలో నేర్చుకున్నది మరిచిపోతారు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు సెలవుల్లో మన బడి ల్యాబుకు రావచ్చు. పదకొండు యంత్రాలున్నాయి, ఎనిమిది పనిచేస్తాయి.

కరపత్రం పట్టుకుని కేంద్రానికి వెళ్లినప్పుడు తల్లిదండ్రులు మొహమాటపడకుండా అడగండి. పోయిన బ్యాచి పిల్లలు ముగ్గురి పేర్లు చెప్పి మాట్లాడనిస్తారా? ఉద్యోగం అంటే ఎక్కడ, చేతికి ఎంత, ఉండడానికి గది ఎవరిస్తారు? అసలు సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకుంటారా? ఈ చివరి ప్రశ్నకు 'అవును' అంటే లేచి వచ్చేయండి. నకలు ఇస్తే చాలు, అసలు కాగితాలు ఏ కేంద్రం దగ్గరా ఉంచాల్సిన పని లేదు. కొన్నేళ్ల కింద ఒక సంస్థ మన పిల్లలు పన్నెండుమంది దాఖలాలు తీసుకుని తాళం వేసుకుపోయింది. వాటిని వెనక్కి తెచ్చేసరికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది.

పిల్లలూ, మీకు కూడా ఒక పని చెప్తున్నాను. ఇంటర్వ్యూలో చివర 'మీరేమైనా అడగాలా?' అంటారు. అందరూ 'ఏం లేదు సార్' అని లేచిపోతారు. మీరు ఒక ప్రశ్న ముందే సిద్ధం చేసుకుని, మరాఠీలో నాలుగుసార్లు ఇంట్లో పలికి వెళ్లండి. పనివేళలు ఎట్లా ఉంటాయని అడిగినా చాలు. నవ్వరు. నవ్వినా జీతం తగ్గదు.

ఏప్రిల్ నెలలో ప్రతి శనివారం బడి అయ్యాక ల్యాబులో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సొంత ఈ-మెయిల్ తెరవడం, బయోడేటా రాయడం, జీతం చీటీ చదవడం, మరాఠీలో ఫోన్ మాట్లాడటం చేయిస్తున్నాం. పూర్వ విద్యార్థులూ రావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు తోడు రావాలి. బీడీ కార్ఖానాలో మాలు అప్పజెప్పి వచ్చే తల్లుల కోసం ఆరు గంటల దాకా ల్యాబు తెరిచే ఉంచుతాం. ఆధార్, దాఖలా, బ్యాంకు పాస్‌బుక్, మూడూ తెచ్చుకోండి. పేరు మూడింట్లో ఎట్లా ఉందో ముందు అది చూసి, తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చుందాం.